లోటె రైనిగర్ టీవీ కోసం తీసిన నీడబొమ్మల సినిమాలు: అంత కొద్దిమందితో, అంత త్వరగా ఎలా తీశారు? ఆ పద్ధతి మనం చేసుకోవచ్చా?

కత్తెరపని అడుగుతున్నారు:

లోటె రైనిగర్ పేరు ఎత్తితే చాలు, అందరూ 1926 నాటి ఆవిడ పెద్ద నీడబొమ్మల సినిమా 'ప్రిన్స్ అఖ్మెద్' దగ్గరే ఆగిపోతారు. నాకు కావాల్సింది ఆ తర్వాతి సంగతి. 1953–55 ప్రాంతంలో ఆవిడ లండన్‌లో ఉండి టీవీ కోసం వరసగా చిన్న సినిమాలు తీశారు, ఒక్కోటి పది నిమిషాలు అటూఇటుగా. అఖ్మెద్ ఒక్కదానికే మూడేళ్లు పట్టింది. అలాంటిది టీవీకి వచ్చేసరికి రెండు మూడేళ్లలో డజనుకు పైగా ఎలా తీయగలిగారు?

రెండో ప్రశ్న పనికి సంబంధించింది. ఎనిమిదో తరగతి పిల్లలతో అదే పద్ధతిలో ఒక నిమిషం సినిమా తీయించాలి. ఫోను, అద్దం పలక, ఎల్‌ఈడీ లైటు ఉన్నాయి. బొమ్మకి ఏ అట్ట వాడాలి, కీళ్లు దేనితో కట్టాలి, లైటు ఎంత దూరంలో పెట్టాలి? ఇలాంటివి ఇంట్లో తీసినవాళ్ల వీడియోల్లో రెండు లోపాలు మళ్లీమళ్లీ కనిపిస్తున్నాయి: వెలుగు మిణుకుమిణుకుమంటుంది, నడిచే బొమ్మ కాళ్లు మంచుమీద జారినట్టు పోతాయి. ఎందుకలా? మన తోలుబొమ్మల్ని ఇలా కింద లైటు ఉన్న గాజు బల్లమీద పెట్టి తీయొచ్చా అన్నది కూడా చెప్పండి.

---

నీడలవాడ:

మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను, బల్ల సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

రైనిగర్ 1899 జూన్ 2న బెర్లిన్‌లోని షార్లొటెన్‌బర్గ్‌లో పుట్టారు. మాక్స్ రైన్‌హార్ట్ నాటక పాఠశాలలో చేరి, నటీనటుల నీడచిత్రాలు కత్తిరిస్తూ నటుడు, సినిమా దర్శకుడు పాల్ వెగెనర్ దృష్టిలో పడ్డారు. 1918లో వెగెనర్ తీసిన హామెలిన్ ఎలుకలవాడి సినిమాలో నిజం ఎలుకలు చెప్పినమాట వినకపోతే, చెక్క ఎలుకల్ని ఫ్రేము ఫ్రేముకీ కాస్త కాస్త జరుపుతూ తీశారు. ఆ పనిలో ఈవిడ చెయ్యి ఉంది. 1919లో సొంతంగా మొదటి నీడబొమ్మల సినిమా తీశారు. 1921లో కార్ల్ కోహ్‌ని పెళ్లి చేసుకున్నారు. అప్పటినుంచి 1963లో ఆయన పోయేదాకా కెమెరా, నిర్మాణం చాలావరకు ఆయనవే, బొమ్మలు, కదలిక ఆవిడవి.

1923లో జర్మనీలో మార్కు విలువ పూటపూటకీ పడిపోతున్న కాలం. లూయి హాగెన్ అనే బ్యాంకరు డబ్బు దాచుకునే బదులు ముడి ఫిల్ము కొని పెట్టాడు. దానితోనే పెద్ద సినిమా తీయమని ఈవిడని అడిగాడు. పోట్స్‌డామ్‌లో ఆయన ఇంటి దగ్గరున్న గరాజు మీది అటకే స్టూడియో. మూడేళ్ల పనిలో ప్రయోగాల వాటా చాలా ఎక్కువ: మాయలు, మంటల ప్రభావాలు వాల్టర్ రుట్‌మన్ చేశారు, సముద్రం, అలలు బెర్తోల్డ్ బార్తోష్ చేశారు. అంతకుముందు ఎవరూ చేసి చూపించని పని కాబట్టి ప్రతి షాటుకీ దారి కొత్తగా వెతుక్కోవాల్సి వచ్చింది.

1953 నాటికి ఆ వెతుకులాట ఆవిడకి లేదు. ముప్ఫై ఏళ్ల పనితనం చేతుల్లో ఉంది. నాజీల జర్మనీ వదిలి లండన్, పారిస్, రోమ్ తిరిగి, యుద్ధం చివర్లో జబ్బుపడ్డ తల్లికోసం బెర్లిన్ వెనక్కి వెళ్లి, 1949లో లండన్‌లో స్థిరపడ్డారు. ఆ బ్యాంకరు హాగెన్ కొడుకు, పేరు కూడా లూయి హాగెనే, చిన్నప్పుడు గరాజు అటకమీద అఖ్మెద్ తీస్తుంటే చూసినవాడు. 1953లో ఆయనతో కలిసి ప్రిమ్‌రోజ్ ప్రొడక్షన్స్ మొదలైంది. అమెరికా టీవీకి, బీబీసీకి సినిమాలు అక్కడినుంచే వెళ్లాయి: సిండ్రెల్లా, నిద్రపోయిన రాజకుమారి, కప్ప రాజకుమారుడు, కొంగగా మారిన ఖలీఫా, బొటనవేలంత పిల్ల, హాన్సెల్ గ్రెటెల్. సంగీతం ఎక్కువగా ఫ్రెడీ ఫిలిప్స్. 'ద గాలంట్ లిటిల్ టైలర్' 1955లో వెనిస్‌లో టీవీ సినిమాల విభాగంలో సిల్వర్ డాల్ఫిన్ గెలిచింది.

వేగం ఎక్కడినుంచి వచ్చిందో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. పది నిమిషాల సినిమా అంటే సెకనుకి 24 చొప్పున 14,400 ఫ్రేములు. ఒక్కో భంగిమని రెండు ఫ్రేములు పట్టి ఉంచినా 7,200 భంగిమలు. పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ల (సెల్) మీద బొమ్మలు గీసే సెల్ పద్ధతిలో అయితే కదిలే ప్రతి భంగిమకీ ఒకరు గీయాలి, ఒకరు శుభ్రం చేయాలి, ఒకరు సెల్‌మీద ఇంకు పెట్టాలి, ఒకరు రంగు నింపాలి. అంటే వేల బొమ్మలు నాలుగేసి చేతులు మారాలి. రైనిగర్ పద్ధతిలో బొమ్మని ఒక్కసారే కత్తిరిస్తారు. ఆ తర్వాత గీయడం అన్న పనే లేదు, జరపడమే. 1957 నుంచి అమెరికా కార్టూన్ దర్శకులు హానా, బార్బెరా టీవీకోసం చేసింది బొమ్మల సంఖ్య బాగా తగ్గించడం. అంతకు నాలుగేళ్ల ముందే గీసే పని మొత్తాన్నే పక్కన పెట్టి టీవీకి సరిపడా సినిమాలు ఇచ్చినావిడ ఈవిడ. పైగా కదలిక ఎక్కడా పేదగా కనిపించదు. టీవీ యానిమేషన్ చరిత్ర చెప్పేటప్పుడు ఈ మాట చెప్పకపోవడం అన్యాయం అని నా గట్టి అభిప్రాయం.

కథలు చెప్పే తీరు కూడా కలిసొచ్చింది. వెనకనుంచి వ్యాఖ్యానం నడుస్తుంది, బొమ్మ పెదాలు మాటకి సరిపెట్టాల్సిన పని లేదు. అందరికీ తెలిసిన కథలు కావడంతో పాత్రల్ని పరిచయం చేయడానికి నిమిషాలు ఖర్చు కావు. బ్రిటిష్ టీవీ అప్పట్లో 405 గీతల నలుపు-తెలుపు తెర. అంత చిన్న, మసక తెరమీద ముఖకవళికల కంటే నల్లటి ఆకారం తెల్లటి నేపథ్యంమీద చక్కగా నిలుస్తుంది. 1955లో 'జాక్ అండ్ ద బీన్‌స్టాక్' రంగుల్లో తీసినప్పుడు కూడా మనుషుల్ని నల్లగానే ఉంచి, రంగంతా నేపథ్యంలో పెట్టారు.

చూడాలనుకుంటే బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఈ కథల సినిమాల్ని డీవీడీగా వేసింది. పిల్లలకి ముందు దర్జీ కథ చూపించండి, చేతుల కదలిక అందులో బాగా తెలుస్తుంది.

---

అట్టాతీగా:

బొమ్మ సంగతి నేను చెబుతాను. సినిమా సగం బల్లమీద కంటే ముందు కత్తెర దగ్గరే తేలిపోతుంది.

రైనిగర్ నల్లటి అట్ట, పల్చటి సీసం రేకు కలిపి వాడేవారు. సీసం ఎందుకంటే బరువు. ఉత్త అట్ట బొమ్మ గాలికి, చెయ్యి తగిలితే, పక్క కాలు జరిపినా కదిలిపోతుంది. సీసం ఉంటే పెట్టినచోట పడుంటుంది. కాని పిల్లల చేతికి సీసం ఇవ్వకండి, అది ఒంట్లోకి పోతే విషం. బదులుగా 0.2 మిల్లీమీటర్ల రాగి రేకు గాని అల్యూమినియం రేకు గాని ఛాతీ ముక్క, నడుము ముక్క, పాదాల కింద అంటించండి. నట్లు, వాషర్లు అంటిస్తే బరువు వస్తుంది కాని ఆ ముక్క గాజుమీద ఎత్తుగా లేచి, పక్క ముక్క వంకరపోతుంది. మందం ఎక్కడైనా ఒకటే ఉండాలి.

అట్ట 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) నల్లది తీసుకోండి. మామూలు నల్ల చార్టు పల్చన. కింద లైటు పెట్టగానే వెలుగు దానిలోంచి కారి బొమ్మ గోధుమరంగుగా కనిపిస్తుంది. పల్చన చార్టే దొరికితే రెండు పొరలు అంటించండి, తడి జిగురు వద్దు, ఆరాక వంగిపోతుంది. గ్లూ స్టిక్ చాలు. అంటించాక బరువైన పుస్తకాల కింద రాత్రంతా పెట్టాలి.

ఏ3 కాగితమంత వెలుగు చట్రం అనుకుంటే పూర్తి బొమ్మ 18–20 సెంటీమీటర్లు సరిపోతుంది. మనిషికి కనీసం 16 ముక్కలు: తల, మెడ, ఛాతీ, నడుము, ఒక్కో చేతికి మూడు, ఒక్కో కాలికి మూడు. మెడని తలతోగాని ఛాతీతోగాని కలిపేసి ముక్క తగ్గిద్దామని చాలామంది చూస్తారు. అలా చేస్తే బొమ్మ వంగి చూడలేదు, తల ఊపలేదు. నీడబొమ్మకి ముఖం లేదు కాబట్టి మనసు చెప్పేది మెడే. మిగతావి తగ్గించుకున్నా మెడ తగ్గించకండి.

ఇప్పుడు కీలు. అందరూ పొరపడేది ఇక్కడే. మోచేయి దగ్గర కలిసే రెండు ముక్కల చివరలూ గుండ్రంగా, ఒకే వ్యాసంతో ఉండాలి, రంధ్రం ఆ గుండ్రానికి సరిగ్గా నడిమధ్యలో పడాలి. ఉదాహరణకి చివర 12 మిల్లీమీటర్ల వెడల్పైతే రంధ్రం మూడు వైపుల అంచునుంచీ 6 మిల్లీమీటర్ల లోపల. అలా ఉంటే చేయి ఎంత మడిచినా ఆకారం తెగదు. రంధ్రం ఒక మిల్లీమీటరు పక్కకి పడినా మడిచినప్పుడు మోచేతి దగ్గర నొక్కో, బుడిపో కనిపిస్తుంది. నీడలో దాన్ని దాచడానికి వేరే దారి లేదు.

కీలుకి 28 గేజి రాగి తీగ. పాత ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో దొరుకుతుంది, పూసలు గుచ్చే దుకాణంలోనూ దొరుకుతుంది. సూదితో రంధ్రం చేసి, తీగని రెండు పొరల్లోంచి దూర్చి, ముందువైపు చిన్న చుట్ట, వెనకవైపు చిన్న చుట్ట తిప్పి, చెంచా వెనకభాగంతో నొక్కి చదును చేయండి. ఫైళ్లకి పెట్టే ఇత్తడి పిన్నులు వాడొద్దు. వాటి తల లావు, గాజుమీద బొమ్మ ఊగుతుంది. దారం ముడి పనికొస్తుంది గాని పది పదిహేను నిమిషాల పనికే వదులవుతుంది.

బిగువు సరిపోయిందా అని చూడటానికి బొమ్మని గాజుమీద పడుకోబెట్టి ముంజేతిని సూదితో నెట్టండి. ముంజేయి ఒక్కటే కదలాలి. దండచేయి కూడా వస్తే కీలు బిగుసుకుంది. ముంజేయి కదిలి ఆగకుండా ఇంకాస్త జారితే వదులైంది. పదహారు ముక్కలకీ ఈ పరీక్ష అయ్యాకే కెమెరా కిందికి వెళ్లాలి.

కత్తిరించే తీరు: రైనిగర్ కత్తెర పట్టిన చేతిని కదపకుండా ఉంచి, కాగితాన్ని తిప్పేవారు. చిన్న బ్లేడ్ల కత్తెర, మొన పదునుగా ఉన్నది. పిల్లలకి ముందు వృత్తాలు, తర్వాత ఆకులు ఇలా తిప్పించి అలవాటు చేయండి. కత్తెరని వంపు వెంట తిప్పితే అంచు పళ్లుపళ్లుగా వస్తుంది, వెనక వెలుగు పడగానే ఆ పళ్లన్నీ తెరమీద కనిపిస్తాయి. లోపలి సన్నటి రంధ్రాలకి, లేసు అంచులకి మాత్రం కటర్ వాడుకోవచ్చు.

---

ఫ్రేమువెంటఫ్రేము:

అట్టాతీగా గారు చెప్పినదానికి ఒకటి చేరుస్తాను: దగ్గరి షాటుకి చిన్న బొమ్మని కెమెరాతో జూమ్ చేయకండి. అంచుల లోపాలు, తీగ చుట్టలు అన్నీ పెద్దవై కనిపిస్తాయి. తల, భుజాలు ఉన్న పెద్ద బొమ్మ వేరే చేసుకోవాలి, రైనిగర్ కూడా వేరేదే చేసేవారు. అందులో దవడ వేరే ముక్కగా, వేళ్లు విడిగా ఉండొచ్చు.

ఇక బల్ల. ఆవిడది పై నుంచి కిందికి చూసే కెమెరా, దాని కింద గాజు, గాజు కింద లైటు. మీకూ అదే అమరిక.

గాజు 5 మిల్లీమీటర్ల మందం, 60 సెంటీమీటర్లు పొడవు, 45 వెడల్పు ఉంటే సుఖం. అంచులు తప్పకుండా అరగదీయించండి, లేదా చుట్టూ టేపు వేయండి, పిల్లలు పనిచేసే చోటు. దాన్ని రెండు బల్లల మధ్య గాని చెక్క చట్రం మీద గాని పెట్టి, కింద 35–40 సెంటీమీటర్ల దూరంలో లైటు. లైటుకీ గాజుకీ మధ్య పాలరంగు అక్రిలిక్ షీటు పెట్టాలి, లేకపోతే ఎల్‌ఈడీలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి, నడుమ ఎక్కువ వెలుగు, అంచుల్లో తక్కువ వెలుగు వస్తుంది. అక్రిలిక్ దొరక్కపోతే రెండు పొరల ట్రేసింగ్ పేపరు. లైటు దగ్గరికి తెచ్చేకొద్దీ మధ్యలో మచ్చ ముదురుతుంది, దూరం చేసేకొద్దీ వెలుగు సమం అవుతుంది.

నేపథ్యాలు ట్రేసింగ్ పేపరుతోనే. ఒక పొర దాదాపు తెలుపు, రెండు పొరలు లేత బూడిద, నాలుగు పొరలు బాగా ముదురు. దూరపు కొండకి ఒకటి, దగ్గరి కొండకి రెండు, చెట్లకి నాలుగు, ముందున్న కొమ్మకి నల్ల అట్ట. ఇంతే లోతు. పొర అంచుని కత్తిరిస్తే గీతలా కనిపిస్తుంది, మబ్బులకి, పొగమంచుకి చేత్తో చింపండి. వానాకాలంలో ట్రేసింగ్ పేపరు చెమ్మకి అలలు లేస్తుంది, నీడలు గీతలుగా పడతాయి. వాడేదాకా గాజు కింద నొక్కిపెట్టి ఉంచాలి.

ఇంకాస్త లోతు కావాలంటే రెండో గాజు. బొమ్మలు పై గాజుమీద, కొండలు 8–10 సెంటీమీటర్ల కింద రెండో గాజుమీద. కొండలు కాస్త మసకబారతాయి, వాటిని విడిగా పక్కకి జరపొచ్చు. అఖ్మెద్‌లో ఇలాంటి పలు అంతస్తుల బల్ల వాడారు, అది 1920ల్లో. డిస్నీ వాళ్లు తమ పెద్ద మల్టీప్లేన్ కెమెరాతో మొదటి సినిమా విడుదల చేసింది 1937లో. మొదటిసారికి ఒక గాజుతోనే కానివ్వండి. రెండో గాజు పెడితే దుమ్ము తుడవాల్సిన ముఖాలు రెండు నుంచి నాలుగవుతాయి.

మిణుకుమిణుకు ఎందుకంటే కారణాలు మూడు, ఒక్కోదాని మందు వేరు.

ఎక్కువగా తప్పు చేసేది ఫోనే. నల్ల బొమ్మ చట్రంలోకి వచ్చేకొద్దీ 'చీకటి పడింది' అనుకుని ఫోను వెలుగు పెంచుతుంది, బొమ్మ బయటికి పోగానే తగ్గిస్తుంది. మాన్యువల్ మోడ్ ఉన్న స్టాప్‌మోషన్ యాప్ తీసుకుని ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె), షట్టరు (ఒక్కో ఫోటోకి వెలుగు తీసుకునే సమయం), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ నాలుగూ బిగించండి. ఐఎస్‌ఓ 100 దగ్గర ఉంచి మిగతాది షట్టరుతో చూసుకోండి.

తర్వాతది కరెంటు. మన దగ్గర 50 హెర్ట్జ్ కరెంటు కాబట్టి చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకి 100 సార్లు వెలిగి ఆరుతుంది. షట్టరు 1/60 సెకను పెడితే ఒక్కో ఫోటోలో ఒక్కోలా వెలుగు పడుతుంది. 1/50 లేదా 1/25 పెడితే కళ్లెం పడుతుంది. అంతకంటే మంచిది 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌ని మంచి అడాప్టరుతోగాని బ్యాటరీతోగాని వెలిగించడం. డిమ్మరు మాత్రం పెట్టొద్దు, అది తగ్గించేది కూడా ఆర్పి వెలిగించే పద్ధతిలోనే. వెలుగు ఎక్కువైతే ఇంకో ట్రేసింగ్ పొర వేయండి.

ఆఖరుది మనుషులు. గదిలో కిటికీ తెరిచి ఉంటే మబ్బు వచ్చిపోయినప్పుడల్లా ఫ్రేము మారుతుంది. బల్ల చుట్టూ నిలబడ్డవాళ్ల తెల్లచొక్కా గాజులో ప్రతిఫలిస్తుంది. పైనుంచి ఏ వెలుగు పడినా నల్ల అట్ట బూడిదరంగుకి తిరిగి, అట్ట మీది గరుకు, తీగ మెరుపు కనిపిస్తాయి. గది లైట్లు ఆపి, కిటికీకి దుప్పటి కట్టి, బల్ల దగ్గరున్నవాళ్లు ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. ఫోటో బటన్ ఫోనుమీద నొక్కొద్దు, ఇయర్‌ఫోన్ బటనో, బ్లూటూత్ బటనో వాడండి. ఫోను వేలికి వెంట్రుకవాసి కదిలినా తెరమీద నేపథ్యమంతా ఎగురుతుంది.

---

కత్తెరపని:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. బొమ్మ ఎప్పుడూ పక్కకే చూస్తుంది కదా, వెనక్కి తిరగాలంటే ఎలా? నడకలో జారుడు సంగతి ఎవరూ చెప్పలేదు. తోలుబొమ్మల ప్రశ్న కూడా మిగిలిపోయింది.

---

తెరచాటు:

తోలుబొమ్మలది నేను చెప్తాను, మిగతాది ఫ్రేమువెంటఫ్రేము గారు చెబితే బాగుంటుంది.

తీయొచ్చు, కాని అది రైనిగర్ బొమ్మలా ఉండదు. ఆవిడ బొమ్మ వెలుగుని పూర్తిగా ఆపుతుంది. మన తోలుబొమ్మ మేకతోలు పల్చన చేసి, రంగులు అద్ది, చిల్లులు పొడిచి చేసింది. వెలుగు దానిలోంచి ఎర్రగా, పచ్చగా వస్తుంది. బల్లమీద పెడితే నేపథ్యం తెల్లగా ఉంచాలి. ట్రేసింగ్ పేపరు పొరల కొండలు దాని వెనక పడితే రంగులు మురికిగా కనిపిస్తాయి, బొమ్మ లోంచి కొండ గీత కూడా కనిపిస్తుంది.

కొలత కూడా చూసుకోండి. ఆంధ్ర బొమ్మలు దేశంలోని తోలుబొమ్మల్లో చాలా పెద్దవి, కొన్ని మనిషెత్తు ఉంటాయి. అవి బల్లమీద పట్టవు. తోలుబొమ్మలకి పేరున్న నిమ్మలకుంట ఊరి కళాకారులు ఇప్పుడు ఇంట్లో పెట్టుకునే చిన్న బొమ్మలు, లాంప్‌షేడ్లు కూడా చేస్తున్నారు, అడిగి 20–25 సెంటీమీటర్ల బొమ్మ కీళ్లతో చేయించుకోవచ్చు. ఆటకి చేసే బొమ్మ కీలు కావాలనే వదులుగా కడతారు, ఎందుకంటే నిలువు తెరమీద కర్రతో ఆడించినప్పుడు చేయి ఊగాలి. బల్లమీద అదే ఊపు ఇబ్బంది. కీళ్లు బిగువుగా కట్టమని ముందే చెప్పండి. నడుమ నిలువుగా ఉండే కర్ర తీసేయమని కూడా చెప్పాలి, బల్లమీద దానితో పనిలేదు, పైగా నీడ పడుతుంది.

తోలు వేడికి ముడుచుకుంటుంది. పాత రకం బల్బు కింద పెడితే గంటలో అంచులు లేస్తాయి, అంచు లేచినచోట రంగు మసకబారుతుంది. ఎల్‌ఈడీ అయితే భయం తక్కువ. పనికి పనికీ మధ్య రెండు అట్టల మధ్య పెట్టి బరువు పెట్టండి.

పిల్లలతో మొదటిసారి అయితే నా సలహా నల్ల అట్టే. తోలుబొమ్మని తెరమీదే ఆడించనివ్వండి, దాని అందం ఆ ఊపులో ఉంది.

---

ఫ్రేమువెంటఫ్రేము:

తిరగడం: రెండు బొమ్మలు కావాలి, కుడికి చూసేది, ఎడమకి చూసేది. అట్ట బొమ్మని బోర్లా తిప్పినా ఆకారం అద్దంలో చూసినట్టు మారుతుంది గాని తీగ చుట్టలు, రేకులు పైకి వస్తాయి, భంగిమ సరిపెట్టడం కష్టం. మార్చేటప్పుడు నిటారుగా ఉన్న బొమ్మని తీసి నిటారుగా ఉన్నదాన్ని పెడితే దెబ్బకి గెంతినట్టు కనిపిస్తుంది. మొదటి బొమ్మ తల ముందుకు వంచి, మోకాళ్లు కాస్త మడిచి, చేతులు ఒంటికి దగ్గరగా తెచ్చి ఆకారాన్ని సన్నగా చేయండి. ఆ సన్నటి ఆకారం దగ్గర బొమ్మ మార్చి, రెండోదాన్ని అదే సన్నటి భంగిమలోంచి విప్పండి. పొడుగు కోటో, చీర కొంగో ఉంటే ఇంకా సులువు, గుడ్డ ఊపు కంటిని అటు లాగుతుంది.

దీనితో పాటే ఇంకో సూత్రం. చేయి ఒంటిమీద పడితే నీడలో మాయమైపోతుంది. దండం పెట్టినా, తాగినా, ఏడ్చినా చేతులు ఒంటి బయట ఉండాలి. పిల్లలు కథ ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోండి. 'ఆలోచించాడు', 'సందేహించాడు' లాంటివి నీడలో రావు. 'వంగి తీశాడు', 'వెనక్కి నెట్టాడు', 'చెట్టెక్కాడు' లాంటివి వస్తాయి. దర్జీలు, కప్పలు, గుర్రాలు ఉన్న కథలు నీడకి ఎంత బాగా నప్పుతాయో ఆ టీవీ సినిమాల్లో చూడొచ్చు.

కాలు జారడం: నేలమీద ఉన్న పాదం కదలకూడదు, అంతే సూత్రం. జారేది ఎందుకంటే, ఎక్కువమంది ముందు కాళ్లు జరిపి తర్వాత ఒళ్లు జరుపుతారు. ఒళ్లు జరిపేటప్పుడు రెండు పాదాలూ దానితో కొట్టుకుపోతాయి. వరస తిప్పండి. నేలమీది పాదాన్ని ఎడమచేతి వేలితోగాని కర్రపుల్లతోగాని అదిమి పట్టండి. నడుముని ముందుకు జరపండి. తర్వాత ఛాతీ, తల. తర్వాత గాల్లో ఉన్న కాలు. చివర చేతులు. నేలమీది కాలి మోకాలు దానంతట అదే సర్దుకుంటుంది, కీళ్లు సరిగ్గా కట్టి ఉంటే.

రైనిగర్‌కి ముందు ఫ్రేము చూసుకునే వీలు లేదు, ఫిల్ము కడిగాకే తెలిసేది. మీకు యాప్‌లో పాత ఫ్రేము లేతగా కనిపించే సౌకర్యం ఉంటుంది, అది ఆన్ చేసి పాదం దగ్గర రెండు నీడలు కనిపిస్తున్నాయా అని ప్రతి ఫోటోకి ముందు చూడండి. ఒకే నీడ ఉంటే పాదం నిలిచినట్టు.

లెక్క: సెకనుకి 12 ఫోటోలు చాలు. ఒక అడుగుకి 6 ఫోటోలు, అంటే అర సెకను, మామూలు నడక. ముసలివాళ్లకి 9 లేదా 10, పరుగుకి 3 లేదా 4. అడుగులో రెండు కాళ్లూ చాచి ఉన్నప్పుడు నడుము 3–4 మిల్లీమీటర్లు కిందికి, కాళ్లు దాటుకునేటప్పుడు పైకి. ఈ ఎత్తుపల్లం లేకపోతే పాదం జారకపోయినా బొమ్మ పట్టాలమీద పోతున్నట్టే ఉంటుంది.

నిమిషానికి 720 ఫోటోలు. ఒక్కో భంగిమకి నిమిషం వేసుకున్నా 12 గంటలు, అదీ ఒక్క బొమ్మ కదులుతుంటే. రెండు బొమ్మలు కలిసి కదిలితే రెట్టింపు అనుకోండి. కాబట్టి ఎప్పుడూ ఒకటి కదులుతుంటే ఇంకోటి ఆగి వినేట్టు కథ రాసుకోండి. ఆగి ఉన్న బొమ్మ పూర్తిగా బిగుసుకుంటే చచ్చినట్టు కనిపిస్తుంది, సెకనుకోసారి తల ఒక మిల్లీమీటరు జరిపితే చాలు. ఒక షాటు మొదలుపెడితే అదే పూట ముగించాలి. సగంలో వదిలి మర్నాడు వస్తే దుమ్ము, చెమ్మ, లైటు ఏదో ఒకటి మారి అతుకు కనిపిస్తుంది. పిల్లల్ని ముగ్గురేసి చొప్పున విడదీయండి: ఒకరు జరపడానికి, ఒకరు ఫోటోకి, ఒకరు ఫ్రేముల లెక్క కాగితంమీద రాయడానికి. జరిపే మనిషిని షాటు మధ్యలో మార్చకండి, కదలిక తీరు మారిపోయి చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. లెక్క రాసేవాళ్లు మాత్రం ఫోటో తీశాకే గీత పెట్టాలి, ముందు పెడితే ఆరో అడుగు దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది.